రాత్రి రైలుబండియు చౌక విమానమును

ప్రయాణమునకు వెలకట్టువారు సాధారణముగా రెంటిని లెక్కింతురు. ఒకటి దూరము, రెండవది కాలము. మూడవది యొకటి కలదు. అది నిద్ర. దానిని లెక్కించువారు తక్కువ. ఏ బండిలో ఎవరు పండుకొని పోయిరి, ఎవరు కూర్చుండి తెల్లవార్చిరి, ఒకరి నిద్రకొరకు ఎవరు మేలుకొనవలసివచ్చెను అను ప్రశ్నలకు ప్రత్యుత్తరము వెదకినచో రైలుబండి చరిత్రలో పెద్దభాగమును, సంఘచరిత్రలో కొంతభాగమును మనకు బోధపడును. ఈ వ్యాసమున మేము ఆ ప్రశ్నలనే ముందిడుకొని, రాత్రి రైలుబండిని నేటి చౌక విమానముతో పోల్చిచూడ దలచితిమి.

విశాఖపట్టణమునుండి హైదరాబాదునకు రైలుమార్గమున రమారమి 700 కిలోమీటర్ల దూరము. 1974 వ సంవత్సరము ఫిబ్రవరి 1 వ తేదీన వాల్తేరు హైదరాబాదుల నడుమ ఒక రాత్రిబండి మొదలయ్యెను. తరువాత దానికి గోదావరి ఎక్స్‌ప్రెస్ అను పేరు వచ్చెను. సాయంకాలము విశాఖలో బయలుదేరి, రాత్రి భోజనమువేళ రాజమహేంద్రవరముకడ గోదావరిని దాటి, తెల్లవారునప్పటికి రాజధాని చేరుట దాని పద్ధతి. 2024 తో ఆ బండికి 50 ఏండ్లు నిండినవి. అదే దూరమును విమానము గంటకు కొంచెము మీరిన కాలములో దాటుచున్నది. ముందుగా కొన్నచో విమానపు టిక్కెట్టు రైలులోని మొదటితరగతి ఏ.సి. బెర్తు ధరకు దగ్గరగా దొరకు దినములును కలవు. అయినను రాత్రిబండిలో చోటు దొరకుట నేటికిని కష్టముగనే యున్నది. దీనికి కారణము పేదరికమని కొందరును, పాతదానియందలి మమకారమని కొందరును చెప్పుదురు. ఈ రెండు మాటలలోను కొంత నిజమున్నది గాని విషయము వానితో ముగియలేదు.

పండుకొని పోవు రైలుపెట్టె మొదట నాలుగుదిక్కుల బ్రసిద్ధి కెక్కినది అమెరికా దేశమునందు. అచ్చట దూరములు పెద్దవి. ఒక పట్టణమునుండి వేరొక పట్టణమునకు బోవలెనన్న రెండుమూడు రాత్రులు పట్టుచుండెను. జార్జి పుల్మన్ అను నాతడు 1860 తరువాతి దశాబ్దములో మంచి శయనపెట్టెలను కట్టించి, 1867 లో తన పేర కంపెనీ స్థాపించెను. పగలు కుర్చీలుగా నుండునవి రాత్రి పడకలగును. తెల్లని దుప్పట్లు, తెరలు, దీపములు అన్నియు నుండెను. మధ్యతరగతి గృహస్థుడు సైతము ఒక రాత్రికి దొరవలె బ్రతుకవచ్చునన్నది పుల్మన్ అమ్మిన సరకు.

కాని దొరతనమునకు సేవకుడు కావలెను. అంతర్యుద్ధముచే బానిసత్వమునుండి విడుదలపొందిన నీగ్రోలను పుల్మన్ ఈ పనికి కుదుర్చుకొనెను. ఆ సేవకులు పడకలు పరచిరి, బూట్లు తుడిచిరి, అర్ధరాత్రి గంట మ్రోగినప్పుడెల్ల లేచిరి. ప్రయాణికులు వారి పేరు అడుగక అందరిని "జార్జి" యని పిలుచుచుండిరి. యజమాని పేరుతో బానిసను పిలుచు పాత యలవాటు అట్లు క్రొత్తబండి యెక్కినది. జీతము చాలక వారు ప్రయాణికుల బహుమానములపై బ్రతుకవలసియుండెను. పూర్తి నెలజీతము రావలెనన్న 400 గంటలు పనిచేయవలసియుండెను. 1925 లో ఎ. ఫిలిప్ రాండల్ఫ్ నాయకత్వమున వారు సంఘముగా నేర్పడిరి. పండ్రెండేండ్లు పోరాడిన మీదట 1937 లో కంపెనీ వారితో ఒడంబడిక చేసికొని, నెలపనిని 240 గంటలకు దించెను. ఆ రాండల్ఫే 1941 లో వాషింగ్టనుపై దండయాత్ర చేయుదుమని హెచ్చరించి, యుద్ధపరిశ్రమలలో వర్ణభేదము పాటింపరాదను ఉత్తరువును అధ్యక్షుడు రూజ్వెల్టుచే వెలువరింపజేసెను. అమెరికాలో నీగ్రోల పౌరహక్కుల యుద్యమమునకు గట్టి పునాదులలో నొకటి ఇట్లు రైలుపడకల ప్రక్కన వేయబడెను.

ఐరోపాలో నిదే పద్ధతిని బెల్జియమువాడగు జార్జి నాగెల్‌మాకర్స్ ప్రవేశపెట్టెను. అమెరికాలో పుల్మన్ పెట్టెలను చూచివచ్చిన పిదప అతడు 1876 లో అంతర్జాతీయ శయనశకటముల కంపెనీని నెలకొల్పెను. 1883 అక్టోబరులో పారిసునుండి బయలుదేరిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అతని సృష్టియే. అది రాజులకును, రాయబారులకును, లక్షాధికారులకును ఉద్దేశింపబడినది. దానివలన రాత్రిబండికి కథలలో గొప్ప పేరు వచ్చినది గాని సామాన్యునికి పడక రాలేదు.

మన దేశస్థుని యనుభవమును జూతము. 1893 జూనులో యువకుడైన గాంధి డర్బనునుండి ప్రిటోరియాకు మొదటితరగతి టిక్కెట్టుతో రాత్రిబండి యెక్కెను. ఆ బండిలో పడకబట్ట కావలెనన్న వేరుగ అయిదు షిల్లింగు లీయవలెను. దానిని కొనుమని అబ్దుల్లాసేటు చెప్పినను, పట్టుదలచేతను పొదుపుచేతను గాంధి వినలేదని ఆయన ఆత్మకథలో వ్రాసికొనెను. మేరిట్స్‌బర్గు స్టేషనులో రైలుసేవకుడు వచ్చి పడకబట్ట కావలెనా యని యడిగెను. అటుతరువాత ఒక ప్రయాణికుడు ఆయన రంగును జూచి అధికారులను పిలిచెను. సామానుల పెట్టెలోనికి పొమ్మన్నచో గాంధి కదలకపోగా ఆయనను బండినుండి త్రోసివేసిరి. చలిలో స్టేషనునందు వణకుచు ఆయన గడపిన ఆ రాత్రినుండి ఏమేమి పుట్టినదో లోకమునకు తెలియును. దుప్పటికి డబ్బు చెల్లించినవాడు మనుష్యుడుగ నెంచబడునను నమ్మకము అచ్చట విరిగినది. వెలకు లభించు మర్యాద వేరు, హక్కుగా లభించు మర్యాద వేరు.

అటుపై 24 ఏండ్లకు, 1917 సెప్టెంబరులో, అదే గాంధి బొంబాయినుండి మద్రాసునకు మూడవతరగతిలో ప్రయాణముచేసి, తన యనుభవమును పత్రికలకు వ్రాసెను. రెండు రాత్రుల ప్రయాణము. ఆ పెట్టెలో 22 మంది కూర్చుండుటకే చోటు. పండుకొనుటకు బల్లలు లేవు. రాయచూరు దాటినపిదప ఒత్తిడి భరింపరానిదయ్యెను. చాలదూరము 35 మంది అందులో క్రిక్కిరిసి యుండిరి. కొందరు మురికినేలపై పడియుండగా కొందరు నిలుచుండియే రాత్రి గడపిరి. మొదటితరగతివాడు అయిదురెట్లకు పైగా వెల యిచ్చుచున్నాడు, మంచిదే. కాని మూడవతరగతివానికి అతని సౌఖ్యములో అయిదవవంతైనను, పదవవంతైనను దొరకుచున్నదా యని ఆయన యడిగెను. రైల్వే కంపెనీలకు ప్రయాణికులవలని ఆదాయములో పెద్దభాగము ఈ మూడవతరగతి జనమువలననే వచ్చుచుండెనని తలచినచో ఆ ప్రశ్నలోని న్యాయము తేటపడును. గుంతకల్లు, కడప, రేణిగుంట మీదుగ పోవు ఆ మార్గమున అట్లు కూర్చుండి తెల్లవార్చిన తెలుగువారెందరో యుందురు.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప క్రమముగా మూడవతరగతివానికిని పడక లభించెను. పెరంబూరు పెట్టెల కర్మాగారము 1955 లో పని నారంభించెను. అందు తయారైన మూడంతస్తుల శయనపెట్టెలో 72 బెర్తు లుండెను. 1974 లో మూడవతరగతి యను పేరే రద్దు చేయబడెను. అయితే పేరు మారినను బల్ల మారలేదు. రెండవతరగతి పడక వట్టి చెక్కగనే యుండెను. 1977 లో రైల్వే మంత్రియైన మధు దండవతే ఆ చెక్కపై రెండంగుళముల మెత్తని పరుపు వేయించెను. ఆ సంవత్సరము డిసెంబరు 26 న బొంబాయి హౌరాల నడుమ మొదలైన, తరగతిభేదములేని గీతాంజలి ఎక్స్‌ప్రెస్సులో నిది తొలుత కనబడి, పిదప అన్ని బండ్లకును వ్యాపించెను. పై తరగతిని దిగలాగుట గాక, క్రింది తరగతిని పైకెత్తుటయే ఆయన యుద్దేశము. మన రైల్వేల చరిత్రలో ఇంతకంటె వేగమైన బండ్లు, గొప్ప వంతెనలు ఎన్నియో పుట్టినవి. కాని ఆ రెండంగుళముల పరుపు వలె ఇంతమంది యొడలికి తగిలిన సంస్కారము వేరొకటి లేదని మా యభిప్రాయము.

ఇక్కడ సంఘసంస్కారమునకు సంబంధించిన వేరొక విషయమును చెప్పవలెను. పూర్వము రైల్వే కంపెనీలు కొన్ని పెట్టెలను ఐరోపీయులకు ప్రత్యేకించినవి. స్టేషనులలో హిందువులకు వేరు నీళ్ళు, ముసల్మానులకు వేరు నీళ్ళు పోయించినవి. అయినను టిక్కెట్టు వెలనుబట్టి తరగతులు చేసినవే గాని కులమునుబట్టి బండ్లు కట్టలేదు. బావికడ దూరముగా నుంచబడినవాడు బండిలో మోకాలికి మోకాలు తగులునట్లు కూర్చుండెను. శయనపెట్టె దీనిని మరియొక మెట్టు ముందునకు తీసికొనిపోయినది. కూర్చుండుట వేరు, నిద్రించుట వేరు. నిద్రించువాడు తన్ను తాను ఇతరుల నమ్మకమునకు అప్పగించుకొనుచున్నాడు. రాత్రి పదిగంటలకు నడిమి బెర్తును ఎత్తి గొలుసు తగిలించినపిదప, ఎనిమిదిమంది అపరిచితులు ఒక చిన్నగదియంత చోటున ఒకరిపై నొకరు, ఒకరికెదురుగ నొకరు నిద్రపోవుదురు. ప్రక్కవాని కులమేమని యడిగి బెర్తు మార్చుమను హక్కు ఎవనికిని లేదు. ముసలివారికి క్రింది బెర్తు విడిచి యువకులు పై కెక్కుదురు. ఒకరి పులిహోర పొట్లము నలుగురికి పంచబడును. ఒక రాత్రితో కులము నశించునని మేము చెప్పబోము. ఒక రాత్రియైనను అది లేకుండ బ్రతుకవచ్చునని మాత్రము ఆ పెట్టె ప్రతిదినము చూపుచున్నది.

అయితే ఈ బండికిని చీకటిప్రక్క యున్నది. చిరకాలము రైలు మరుగుదొడ్లలోని మలము నేరుగా పట్టాలపై బడుచుండెను. ప్రయాణికుడు తెల్లవారి దిగిపోవును. స్టేషనులో పట్టాలపై బడినదానిని ఒకానొక కులమున బుట్టిన పాపమునకు కొందరు ఎత్తవలసియుండెను. చేతులతో మలమెత్తు పనిని నిషేధించుచు 2013 లో శాసనము వచ్చెను. ఆ దశాబ్దములోనే పెట్టెల క్రింద మలమును కరగించు క్రొత్త తొట్లను అమర్చిరి. పుల్మన్ సేవకుని కథ చెప్పుకొని నొచ్చుకొనువారు ఈ కథను మరువరాదు.

ఇక విమానము సంగతి. మన దేశమున విమానము రాత్రిపూట నడచుట క్రొత్తకాదు. 1949 లో ప్రారంభమైన రాత్రి టపా పద్ధతిలో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులనుండి విమానములు అర్ధరాత్రి నాగపురమున కలిసికొని, ఉత్తరముల సంచులు మార్చుకొని, తెల్లవారునప్పటికి తిరిగి తమ చోట్లకు చేరుచుండెను. హైదరాబాదునందు నిజాము ప్రభుత్వమును, టాటాలును కలిసి స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ నడచెను. 1953 లో అన్నిటితోపాటు అదియు జాతీయము చేయబడెను. నాడు విమానము ధనికుల వాహనము. దానిని చౌకచేయు విద్య అమెరికాలో పుట్టినది. 1971 లో టెక్సాసునందు ప్రారంభమైన సౌత్‌వెస్ట్ కంపెనీ ఒకే రకపు విమానములను వాడి, దిగిన విమానమును కొద్దినిమిషములలోనే తిరిగి లేపి, ధర తగ్గించెను. 1978 లో అమెరికాయును, 1990 తరువాతి దశాబ్దములో ఐరోపాయును విమానమార్గములపై కట్టుబాట్లను తొలగించినవి. మన దేశమున కెప్టెన్ గోపీనాథ్ 2003 లో ఎయిర్ దక్కన్ స్థాపించి, ఒక్క రూపాయి టిక్కెట్టును సైతము అమ్మి దేశమును విస్మయపరచెను. 2017 ఏప్రిల్ 27 న ఉడాన్ పథకము క్రింద మొదటిగా ఎగిరిన విమానములలో కడప హైదరాబాదుల నడుమ నడచినదియు నొకటి.

దీనిని మేము తక్కువచేసి చెప్పము. రోగియొద్దకు గంటలో చేరగలుగుట, మరణించిన తండ్రిని కడసారి చూడగలుగుట చిన్న మేలు కాదు. ఒకప్పుడు జమీందారులకును మంత్రులకును మాత్రమే దక్కిన ఆకాశము గుమాస్తాకును, మేస్త్రీకిని అందివచ్చుట సమత్వమే. విమానమెక్కువానిని నిందించుట సంస్కారము కాదు.

అయితే చౌకదనము ఎచ్చటనుండి వచ్చినదో చూడవలెను. విమానము నేలపై నిలిచినంతసేపు నష్టము కనుక అది అకాలములయందును ఎగురవలెను. తెల్లవారుజామున ఎగురు విమానమునకు ప్రయాణికుడు రెండవజామునకే లేవవలెను. 2008 లో తెరచిన శంషాబాదు విమానాశ్రయము నగరమునకు దూరము. ఆటోకో, టాక్సీకో వేరుగ చెల్లించవలెను. చౌక టిక్కెట్టుపై 15 కిలోల సామాను తీసికొనిపోవచ్చును. రైలు శయనపెట్టెలో 40 కిలోలు ఉచితము. పచ్చళ్ళ జాడీలతో, బియ్యపుమూటతో కొడుకు ఇంటికి పోవు తల్లికి ఈ లెక్క వేరుగ బోధింపనక్కరలేదు. రాత్రిబండి పదునొకండు గంటలు పుచ్చుకొన్నను అందు ఎనిమిది నిద్రకే చెందును. అవి యింటికడనైనను పోవలసినవే. చౌక విమానము పగటి గంటలను మిగిల్చి, రాత్రి గంటలను హరించును.

పనివారి నిద్రయు ఇందులో చేరినది. విమానచోదకుల విశ్రాంతిని పెంచి, రాత్రిపనిని తగ్గించు నియమములు 2025 నవంబరున మన దేశమున పూర్తిగా అమలులోనికి వచ్చినవి. తగినంతమంది చోదకులను ముందుగా సిద్ధపరచుకొనకపోవుటచే దేశములోకెల్ల పెద్ద విమానసంస్థ డిసెంబరు మొదటి దినములలో వేలకొలది విమానములను రద్దుచేసెను. మిగిలిన టిక్కెట్ల ధరలు ఆకాశమునంటగా ప్రభుత్వము ధరలకు హద్దు విధించి, ఆ సంస్థకు నియమములను తాత్కాలికముగ సడలించెను. రైల్వేవారు బండ్లకు అదనపు పెట్టెలను తగిలించిరి. నడుపువానికి తగిన నిద్ర యిచ్చినంతనే కూలిపోవు చౌకదనము ఎవరి నిద్రపై నిలిచియుండెనో ఇందువలన తేటతెల్లమైనది. రైల్వేలును ఈ విషయమున నిర్దోషులు కావు. రెండు రాత్రులకు మించి వరుసగా పనిచేయింపరాదని 2024 లో దక్షిణదేశపు లోకో పైలట్లు ఆందోళన చేయవలసివచ్చెను.

ఐరోపా చరిత్ర మనకొక పాఠము చెప్పుచున్నది. చౌక విమానముల పోటీకి నిలువలేక అచ్చటి రాత్రిబండ్లు ఒక్కొక్కటిగ ఆగిపోయినవి. 2016 డిసెంబరున జర్మనీ రైల్వే తన శయనబండ్లను పూర్తిగా విడిచిపెట్టెను. వానిలో కొన్నిటిని ఆస్ట్రియా రైల్వేవారు తీసికొని నైట్‌జెట్ అను పేరుతో నడపిరి. పొగవలన భూమి వేడెక్కుచున్నదను చింత ప్రబలి, స్వీడనులో విమానమెక్కుటకే సిగ్గుపడు జనులు బయలుదేరిరి. అందరును రాత్రిబండిని మెచ్చుకొనిరి. అయినను 2021 లో తిరిగి మొదలైన పారిసు వియన్నా నైట్‌జెట్, ఫ్రెంచి ప్రభుత్వము ధనసహాయము మానుకొనుటచే 2025 డిసెంబరున ఆగిపోయెను. విమానమునందున్న చమురుపై పరదేశము సుంకము వేయరాదని 1944 నాటి షికాగో ఒడంబడిక నిర్ణయించినది. రైలుబండికి అట్టి రక్ష లేదు. శయనపెట్టె రాత్రి కొకమారే నిండును. విమానపు కుర్చీ దినమునకు అయిదారుమారులు అమ్ముడుపోవును. కావున మెప్పుకోలువలన రాత్రిబండి బ్రతుకదు. ప్రజలు దానిని తమ అవసరమని యెంచి, అందుకు ధనము కేటాయించిననే బ్రతుకును.

మన దేశమునం దది ఇంకను ఆగిపోలేదు. అనుదినము లక్షలమందిని మోయుచున్నది. ప్రయాణికుని సేవకు 100 రూపాయలు ఖర్చగుచుండగా 54 రూపాయలే వసూలు చేయుచున్నామని 2024 లో రైల్వే మంత్రి చెప్పెను. దీనిని నష్టమని కొందరు పిలుతురు. పాఠశాలకును, మంచినీటికిని అయిన వ్యయమును మనము నష్టమని పిలువము గదా. మాకు భయము వేరొకచోట నున్నది. కొన్ని బండ్లలో సామాన్య శయనపెట్టెలను తగ్గించి ఏ.సి. పెట్టెలను పెంచుచున్నారు. ఏ.సి. కోరువానికి ఏ.సి. ఇచ్చుట తగును. కాని శయనపెట్టె తగ్గినప్పుడు దానియందలి ప్రయాణికుడు విమానమెక్కడు, ఏ.సి. పెట్టెకును పోలేడు. అతడు టిక్కెట్టు దొరకక సాధారణపు పెట్టెలో తలుపుకడ నిలుచుండును. 1917 నాటి ఆ నిలుచున్న మనుష్యుడు ఇట్లు మరల మన యెదుటికి వచ్చుచున్నాడు.

కావున చదువరులు ఈ పోటీని రైలుకును విమానమునకును నడుమ జరుగు పందెముగా చూడకుందురుగాక. విమానము ఎగురనిండు, దాని చోదకుడు నిద్రపోవునట్లు చూతము. రాత్రిబండి నడువనిండు, దాని లోకో పైలట్టునకు విశ్రాంతియు, దాని పాకీవానికి మనుష్యగౌరవమును కలుగునట్లు చూతము. అన్నిటికంటె ముఖ్యముగా, అల్పధనముతో దూరము పోవు కూలీకిని, విద్యార్థికిని, బాలింతకును ఒక రాత్రి వెన్ను వాల్చుటకు ఆరడుగుల బల్లయు, దానిపై రెండంగుళముల పరుపును హక్కుగా నిలుపుట మన విధి. ఒక దేశము ఎంత వేగముగా పోవుచున్నదో చెప్పుటకు దాని విమానములు చాలును. అది ఎవరిని వెంట తీసికొనిపోవుచున్నదో తెలిసికొనుటకు దాని రాత్రిబండిలోని చివరి పెట్టెను చూడవలెను.